కొమ్ము పిడి

14 మార్చి 1990

దేవునికి స్తోత్రం. అది మాది కాదు.

డిటెక్టివ్ మోఫట్ మా ఆఫీసుకు ఫోన్ చేశాడు. క్రాన్‌బర్న్‌లో మిల్క్‌బార్ అనే చిల్లర కొట్టు నడుపుకునే గ్రీకు ముసలాయనను పోయిన నెలాఖరున కాల్చి చంపారు కదా, ఆ రివాల్వర్ ఒక మురుగు కాలువలో దొరికిందట. ఫిబ్రవరి మొదట్లో డాండెనాంగ్ కోల్డ్‌స్టోర్ కార్‌పార్కులో ఇద్దరు డ్యూటీలో ఉన్న అన్నయ్యను కొట్టి లాక్కుపోయినది అదేనేమో చూడాలన్నాడు. నంబరు అరగదీసేశారట. టైపు చేయడం ఆపాను. పిడి ఎలా ఉందని అడిగాను. గోధుమరంగులో, గరుకుగా, గాళ్ళు గాళ్ళుగా ఉందన్నాడు. అయితే మాది కాదండీ, మాది ఐవరీ పిడి అన్నాను. కాగితాలు తిప్పుతున్న చప్పుడు వినిపించింది. “అవును, అప్పుడు మీరు ఐవరీ అనే చెప్పారు” అన్నాడు.

ఆ రోజు స్టేషన్‌లో అన్నయ్య తలకు గుడ్డ అదిమిపట్టుకుని తెలుగులో చెబుతుంటే ఇంగ్లీషులోకి మార్చి చెప్పింది నేనే. ఈ దేశంలో సెక్యూరిటీ గార్డుగా ఏడాది చేసినా అన్నయ్యకు ‘గుడ్ మార్నింగ్ బాస్’ దాటి ఇంగ్లీషు రాలేదు. కౌంటర్లో రాసుకుంటున్న పోలీసతను నాతో “యువర్ ఇంగ్లీష్ ఈజ్ బెటర్ దాన్ మైన్” అన్నాడు. ఇంటికొచ్చి ఆ మాట వదినకు రెండుసార్లు చెప్పుకున్నాను.

ఒక మనిషి చావు సంగతి విని స్తోత్రం చెప్పుకోవడం పాపం. తెలిసే చెప్పుకున్నాను.

16 మార్చి

మోఫట్ ఒకసారి చూసి కాదని చెప్పిపొమ్మన్నాడు. అన్నయ్య, నేను వెళ్ళాం. బల్ల మీద క్యాసెట్ రికార్డరు తిరుగుతోంది. ప్లాస్టిక్ సంచిలో ఉన్న రివాల్వర్‌ను మోఫట్ మా ముందుకు జరిపాడు.

అన్నయ్య వంగి కూడా చూడలేదు.

“ఇదే సుగుణా. చెప్పాయనకి.”

“సరిగ్గా చూడన్నయ్యా.”

“చూసేదేముంది? ఏడాది నా నడుముకున్నది. ఇదే.”

నేను ఆ మాట ఇంగ్లీషులో చెప్పలేదు. అవసరం కూడా లేకపోయింది. అన్నయ్య మొహంలో సంతోషం మోఫట్‌కు తెలుగు రాకపోయినా అర్థమయింది. పోయిన వస్తువు దొరికిందని సంతోషం, అంతే. ఆ వస్తువు మధ్యలో ఏం చేసి వచ్చిందో అన్నయ్యకు అప్పటికింకా తట్టలేదు.

“మరి ఐవరీ అని ఎందుకు చెప్పాడు?” అని మోఫట్ అడిగాడు.

నేను అన్నయ్యను అడిగాను. “ఐవరీ అని ఎందుకన్నావంటున్నాడు.”

“ఐవరీ ఏంది?”

“దంతం.”

“దంతమా? నేనెందుకంటా?”

మోఫట్ నా వైపు చూస్తున్నాడు. నేను ఇంగ్లీషులో, “ఆయనకు గుర్తు లేదంటున్నాడు” అన్నాను.

అప్పటికి అదే మంచి జవాబు అనిపించింది. తలకు దెబ్బ తగిలిన మనిషికి గుర్తుండదు. ఎవరైనా ఒప్పుకుంటారు.

17 మార్చి

అన్నయ్య దంతం అనే అన్నాడు. నాకు స్పష్టంగా గుర్తుంది.

23 మార్చి

అన్నయ్యను తీసుకుపోయారు.

మిల్క్‌బార్ కేసులో ఒక కుర్రాడు దొరికాడట. ఎవరినీ కొట్టలేదు, గార్డే పిలిచి చేతికిచ్చాడు అని వాడు చెప్పాడు. ఆ మాట ఒక్కటే అయితే ఎవరూ నమ్మేవారు కాదని మోఫట్ అన్నాడు. ఐవరీ మాట దానికి తోడయింది. పోయిన తుపాకీ గుర్తులు పోలీసులు తుపాకుల కొట్లన్నిటికీ పంపించారు. ఫ్రాంక్‌స్టన్‌లో ఒక కొట్టాయన దగ్గరికి ఈ రివాల్వర్‌ను అమ్మకానికి తెచ్చారు. ఆయన కౌంటర్ కింది కాగితం తీసి చూశాడు. ఐవరీ పిడి అని ఉంది. ఎదురుగా ఉన్నది ఐవరీ కాదు. వాళ్ళను పోనిచ్చాడు. ఆ తర్వాతి వారమే ముసలాయనను కాల్చేశారు.

తుపాకీని తనే వాళ్ళకిచ్చి, దాన్ని ఎవరూ గుర్తుపట్టకూడదనే గార్డు తప్పు గుర్తు రాయించాడు, అదీ వాళ్ళ వాదన.

వదిన నర్సింగ్ హోమ్ యూనిఫారం కూడా మార్చుకోకుండా కుర్చీలో కూర్చుని ఉంది. నాలుగేళ్ళ సెరీనా ఆమె ఒళ్ళో తల పెట్టుకుని, “వెన్ ఈజ్ డాడీ కమింగ్?” అని అదే అడుగుతోంది.

“ఆ రోజు నువ్వేం చెప్పావు సుగుణా?” అంది వదిన.

“అన్నయ్య చెప్పిందే చెప్పాను.”

“అదేలే. ఏం చెప్పాడు?”

“దంతమన్నాడు వదినా.”

వదినది విజయవాడ. మా ఊరి మాటలు కొన్ని వింటే ఆమెకు ఇప్పటికీ నవ్వొస్తుంది. ఈ రోజు నవ్వలేదు.

8 ఏప్రిల్, మట్టల ఆదివారం

గుళ్ళో అన్నయ్య పేరెత్తి ప్రార్థన చేశారు. “నిర్దోషియైతే” అని మొదలుపెట్టారు.

క్రాన్‌బర్న్ మీదుగా పోయే బస్సెక్కి వచ్చాను. అవసరం లేదు, చుట్టు దారి. మిల్క్‌బార్ తలుపుకు చెక్కలు కొట్టేశారు. ఐస్‌క్రీమ్ బోర్డు ఇంకా బయటే ఉంది. దిగలేదు.

11 ఏప్రిల్

స్పష్టంగా గుర్తుందని రాశాను కదా. స్పష్టంగానే గుర్తుంది.

20 మే

రిమాండులో అన్నయ్యను చూడడానికి వెళ్ళాను. మొదట్లో అమ్మకు ఏం రాశావు, సెరీనా తింటోందా అని అడిగాడు. నేను లేచే వేళకు అన్నాడు:

“నేను కొమ్మని కదా చెప్పింది. కొమ్ము పిడి అన్నా. మీ మోఫట్టు దంతమని ఎక్కడ పట్టుకొచ్చాడో నాకర్థం కాటల్లేదు.”

తప్పు మోఫట్ మీద పెట్టాడు. నన్ను అనుమానించాలని కూడా అన్నయ్యకు తోచలేదు. నేను చెబుతానన్నట్టు తలూపి వచ్చేశాను.

ఇప్పుడు రాస్తాను. ఎవరూ చూడరు కాబట్టి రాస్తాను.

అన్నయ్య కొమ్ము అన్నాడు. “పాతదే, పిడి మాత్రం కొమ్ము పిడి, కొద్దిగా తెల్లగా ఉంటది” అన్నాడు. పోలీసతను పెన్ను పట్టుకుని ఆగాడు. నేను ఐవరీ అన్నాను. ఆలోచించలేదు. తడుముకోలేదు. తడుముకోకుండా వచ్చినందుకే లోపల సంతోషించాను కూడా.

మిషన్ హాస్టల్లో దొరసానమ్మకు ఒక చేతికర్ర ఉండేది. పిల్లలందరం దాన్ని కొమ్ముకర్ర అనేవాళ్ళం. వంటామె, వాచ్‌మన్, మా అమ్మ అందరూ కొమ్ముకర్ర అనే అనేవారు. మా ఊళ్ళో ఏనుక్కి ఉండేవి కొమ్ములే. ఐదో తరగతిలో దొరసానమ్మ ఆ కర్ర పిడి మీద నా వేలు పెట్టించి “ఐవరీ” అని పలికించింది. నేను బడిలో కాక బయట నేర్చుకున్న మొదటి ఇంగ్లీషు మాట అది. ఆ మాట పుస్తకంలో రాసుకుపోయి ఇంట్లో అందరికీ వినిపించాను. అన్నయ్య అప్పటికే బడి మానేసి పొగాకు కాల్చే బారన్‌లో మోతకు పోతున్నాడు. “ఐవరీ, ఐవరీ” అని ఊరికే నా వెనకాల అంటూ తిరిగాడు. దాని అర్థమేమిటో అడగలేదు. నేను చెప్పలేదు.

దంతం అన్న మాట కాలేజీలో వచ్చింది. కొమ్ము పిడి మాత్రం నాకు ఎప్పుడూ ఐవరీయే.

అన్నయ్య చెప్పింది మామూలు కొమ్ము. జంతువు కొమ్ము. దువ్వెన కొమ్ము.

6 జూన్

లీగల్ ఎయిడ్ లాయరు పేరు ప్రెంటిస్. నాకంటే పదేళ్ళు పెద్ద ఉంటుంది. అంతా చెప్పాను. ఆమె పెన్ను కింద పెట్టి విన్నది.

“ఇది మార్చిలో ఎందుకు చెప్పలేదు?”

“మార్చిలో తెలియదు.”

“తెలియదా, గుర్తు లేదా?”

ఇంగ్లీషులో ఆ రెంటికీ తేడా ఉంది. తెలుగులోనూ ఉంది. ఏదో ఒకటి చెప్పాను.

ఆ పిడి నిజంగా కొమ్మే అని తేలితే కొంత ఆశ ఉందని ఆమె అంది. అన్నయ్య ఉన్నదున్నట్టే చెప్పాడని, పొరపాటంతా మధ్యలో జరిగిందని వాదించవచ్చట. పోలీసులు దాని గురించి రిపోర్టు రాయించలేదు. ఆమెకు ఒక పిస్టల్ క్లబ్బు పెద్దాయన తెలుసు, ఫొటోలు చూపిస్తానంది.

వచ్చేటప్పుడు రైల్లో హాయిగా నిద్రపోయాను. రెండు నెలల్లో మొదటిసారి.

18 ఆగస్టు

హాలొరన్ అనే ఆ పెద్దాయన ఇంటికి ప్రెంటిస్, నేను వెళ్ళాం. రిటైరైన పళ్ళ డాక్టరు. గోడ నిండా బీరువాలు, బీరువాల నిండా తాళం వేసిన పాత రివాల్వర్లు. టీ ఇచ్చాడు. నాతో మొదటి మాటగా, “నీకు ఇష్టమైతే వీటిని చూడు, లేకపోతే కుక్కను చూడు, రెండూ కరవవు” అన్నాడు. చాలా రోజులకు నవ్వొచ్చింది.

ఒక రివాల్వర్ తీసి పిడి నా వైపు తిప్పాడు. తేనెరంగు మీద నల్లటి గాళ్ళు, అంచుల్లో తెలుపు. “ఇది మీ దేశందే. మీ అడవుల్లో పెద్ద జింక. దాని కొమ్ములు ఓడల్లో అమెరికా పోయేవి, అక్కడ పిడులై ఇక్కడికొచ్చేవి” అన్నాడు. కణుజు కొమ్ము. నేను తెలుగులో పేరు చెబితే రెండుసార్లు పలికి చూసుకున్నాడు. రివాల్వర్ తయారుచేసిన కంపెనీ బిగించే పిడి మామూలు చెక్కదట. కొన్నవాళ్ళు తర్వాత దాన్ని ఊడదీసి ఇలాంటివి విడిగా కొని బిగించుకునేవారట. సెక్యూరిటీ కంపెనీ చౌకలో కొన్న పాత రివాల్వర్‌కు ఆ ముందున్నవాడెవడో అలా బిగించి ఉంటాడు.

తర్వాత పోలీసు ఫొటోలు పరిచాడు. కుడివైపుది, ఎడమవైపుది, పిడి ఊడదీసి లోపలివైపు తీసింది. భూతద్దం పెట్టి చూశాడు. ఆయన మొహం వెలిగింది. ఆ వెలుగు చూసి నేను ప్రెంటిస్ చెయ్యి పట్టుకున్నాను.

“బాగా మోసం చేసింది” అన్నాడు. “ప్లాస్టిక్.”

ఎలా అని ప్రెంటిస్ అడిగింది. రెండువైపుల ఫొటోలు పక్కపక్కన పెట్టి పెన్సిలుతో చూపించాడు. కుడివైపు పై అంచున ఒక గాడి చీలి కలుస్తుంది. ఎడమవైపూ అక్కడే చీలి అలాగే కలుస్తుంది. కింద ఒక మచ్చ. అటూ ఉంది, ఇటూ ఉంది. అద్దంలో చూసినట్టు. “ఏ జంతువూ ఇలా పెంచుకోదు. ఒకే కొమ్ములోంచి కోసినా రెండు ముక్కలు ఒకలా ఉండవు. లోపలివైపు చూడు, బోలుగా ఉంది, అడ్డపట్టీలున్నాయి. అచ్చు పోసినది. ముప్పై నలభై ఏళ్ళ కిందట అమెరికాలో వేలకు వేలు పోసి పోస్టులో అమ్మారు. చెమటకు పాతబడి కొంచెం తెల్లబారింది. చేతికి కొమ్ములాగే ఉంటుంది. నా దగ్గరకు చాలామంది నిజమని తెచ్చారు, పాపం.”

ఆ ఆఖరి మాట కోర్టులో చెబుతారా అని ప్రెంటిస్ అడిగింది. తప్పకుండా చెబుతానన్నాడు. మంచి మనిషి. సరిగ్గా పోల్చానన్న తృప్తి దాచుకోలేకపోయాడు, అంతే.

కారులో ప్రెంటిస్ ఫొటోలు కవరులో సర్దింది. తర్వాత, “ఐవరీ అన్నారు. ఇప్పుడు కొమ్మంటున్నాం. తేలింది ప్లాస్టిక్” అంది. ఆమె నన్ను అనలేదు. లెక్క చెప్పుకుంది.

2 సెప్టెంబరు

తెలుగులో ఏనుగు దంతాన్ని కొమ్ము అంటారని చెప్పే మనిషి కావాలి, నేను కాకుండా. ఈ ఆదివారం గుడి తర్వాత అందరినీ అడిగాను. ఏనుక్కి బయటికొచ్చేవాటిని ఏమంటారండీ? దంతాలు. దంతాలమ్మా. దంతం కదా, ఏం? చదువుకున్న పిల్ల అడుగుతోందని అందరూ పుస్తకంలో మాటే చెప్పారు.

రేపల్లె నుంచి కొడుకు డేనీని చూడడానికొచ్చిన రాయప్ప తాతను కూడా అడిగాను. “దంతమమ్మా” అన్నాడు. కాసేపటికి బార్బెక్యూ దగ్గర పిల్లలకు సర్కస్ కబుర్లు చెబుతూ, “ఏనుగు ఒక్క కొమ్ముతో ఎత్తి అవతల పడేసింది వాణ్ణి” అన్నాడు. ప్లేటు పక్కన పెట్టాను.

“తాతా, కొమ్మన్నావిప్పుడు.”

“అన్నానా?”

“అన్నావు. కోర్టులో ఆ మాట చెబుతావా?”

డేనీ సాసేజి తిప్పడం ఆపాడు. తాత కొడుకు వైపు చూశాడు.

“కోర్టా? నాకెందుకమ్మా. వచ్చేవారం పోయేవాణ్ణి. దంతమనే రాసుకో.”

9 ఫిబ్రవరి 1991

కోర్టువాళ్ళకు దొరికిన తెలుగు ఇంటర్‌ప్రెటర్ ఒక్కరే. శాంతి ఆంటీ. మా గుడే. సికింద్రాబాద్‌లో కాన్వెంటు టీచరుగా చేసి వచ్చింది. నాతో ఎప్పుడూ ప్రేమగానే ఉంటుంది. నా తెలుగు అక్షరం ముత్యంలా ఉంటుందని క్రిస్మస్ నాటకం నా చేతే రాయించింది.

మార్చి నాటి క్యాసెట్ ఆమెకిచ్చి తర్జుమా చేయించారు. ఈ రోజు చర్చి మెట్ల దగ్గర ఆపింది.

“మనం కేసు గురించి మాట్లాడుకోవద్దు అన్నరు. ఒక్క మాట మాత్రం. మీ అన్న ‘నేనెందుకంటా’ అంటే ‘గుర్తు లేదు’ అని ఎట్లా చెప్పినవు నువ్వు?”

నేను ఆమె చెప్పుల వైపు చూశాను.

“తప్పుగా అనుకోకు తల్లీ. ప్రమాణం చేసినాక ఉన్నది చెప్పాలె.”

“చెప్పండి ఆంటీ.”

“కొమ్ము అంటే హార్న్. ఐవరీ అంటే దంతం. ఇంక వేరే ఏమన్నా ఉందా?”

ఉందని చెప్పాను. మా ఊరి సంగతి, కొమ్ముకర్ర సంగతి చెప్పాను. ఆమె ఓపికగా విని, “మీ దిక్కు అట్లా కూడా అంటరా?” అంది. నమ్మకపోవడం కాదు. వినలేదు, అంతే. వినని మాట ప్రమాణం చేసి ఎలా చెబుతుంది?

3 మార్చి

అన్నయ్యకు ఇవాళ చెప్పాను. ఐవరీ అన్నది మోఫట్ కాదు, నేను అని. ఏడాది పట్టింది.

అన్నయ్య అరవలేదు. చేతులు చూసుకున్నాడు.

“ఆ ముసలాయన?” అన్నాడు.

నేను సంచి అందుకున్నాను.

“సరేలే. పో. బస్సు పోద్ది.”

14 మే

ఈ రోజు నా సాక్ష్యం. క్రౌన్ లాయరు, అంటే ప్రభుత్వం తరఫు లాయరు, మర్యాదస్తుడు. మంచినీళ్ళు కావాలా అని అడిగాడు.

పొరపాటు జరిగిందని ఎప్పుడు తెలుసుకున్నారు? పోయిన మేలో. అంటే మీ అన్నయ్య మీద కేసు పెట్టాక. అవును. యూనివర్సిటీలో మీ సబ్జెక్టు? ఇంగ్లీషు. మార్చిలో మీ అన్నయ్య ‘నేనెందుకంటాను’ అన్నారు, మీరు ‘గుర్తు లేదు’ అని చెప్పారు. అది కూడా పొరపాటేనా?

కాదు అన్నాను.

“అయితే ఏది పొరపాటో ఏది కాదో మాకెలా తెలుస్తుంది మిస్?”

ప్రెంటిస్ అభ్యంతరం చెప్పింది. జడ్జి ఆ ప్రశ్న వదిలేయమన్నాడు. జ్యూరీ మాత్రం అప్పటికే విన్నది.

తర్వాత శాంతి ఆంటీ. కొమ్ము అంటే ఐవరీ అనే అర్థం ఉందా? నాకు తెలిసి లేదండి. చదువుకున్న తెలుగు మనిషి ఆ రెంటినీ కలగాపులగం చేసుకుంటుందా? ఆంటీ నా వైపు చూసింది. కళ్ళలో నీళ్ళున్నాయి. చేసుకోదండి అంది.

నా చదువును ఇంతగా నమ్మిన మనిషి ఇంకొకరు లేరు.

15 మే

హాలొరన్ బాగా చెప్పాడు. చేతిలో పట్టుకున్న ఎవరైనా కొమ్మనే అనుకుంటారన్నాడు. ఐవరీ అనుకుంటారా అని క్రౌన్ లాయరు అడిగాడు. అనుకోరు అన్నాడు హాలొరన్. నిజమే కదా. అనుకోరు.

మధ్యాహ్నం అన్నయ్య. శాంతి ఆంటీ పక్కకు వచ్చి నిలబడింది. అన్నయ్య ఆమెకు దణ్ణం పెట్టి వద్దన్నాడు. జడ్జితో, “నో ఇంటర్‌ప్రెటర్ సార్. మై మౌత్” అన్నాడు.

ప్రెంటిస్ లేచి వెళ్ళి చెవిలో ఏదో చెప్పింది. అన్నయ్య తల అడ్డంగా తిప్పాడు. నేనున్న వైపు ఒక్కసారి కూడా చూడలేదు.

తుపాకీ ఎలా పోయింది? టూ మెన్. హిట్. టేక్. ఇచ్చారా, లాక్కున్నారా? టేక్, టేక్. అక్కడిదాకా బాగానే ఉంది. క్రౌన్ లాయరు రివాల్వర్ చూపించి, ఈ పిడి దేనితో చేసినదని మీరు అప్పుడు అనుకున్నారు అని అడిగాడు. అన్నయ్యకు ప్రశ్న అర్థమయింది. మాట వెతుక్కున్నాడు. కుడిచేత్తో నుదురు పైన కొమ్ములా చూపించబోయి, కోర్టులో బాగుండదనుకున్నాడేమో, చెయ్యి దించేశాడు.

“బోన్” అన్నాడు.

“ఎముకా? కొమ్ము కాదా?”

“బోన్” అన్నాడు అన్నయ్య మళ్ళీ, గట్టిగా. తను ఖాయం చేసుకున్న మాట ఇక మార్చకూడదని అనుకున్నాడు. మాట మారిస్తే అబద్ధమంటారని.

జ్యూరీలో ఒకామె పక్కకు తిరిగింది. నవ్వు ఆపుకోవడానికేమో. దగ్గేమో.

17 మే

దోషి. ఆరేళ్ళు.

గ్రీకు ముసలాయన భార్య వెనక వరసలో నల్లబట్టలతో కూర్చుంది. తీర్పు ఆమెకు ఆమె మనవరాలు చెవిలో చెప్పింది, వాళ్ళ భాషలో. ఆ పిల్ల మాట మాటకూ ఆగి, సరైనది ఎంచుకుని చెబుతోంది. అది చూస్తూ నిలబడ్డాను.

26 మే

వదిన చిన్న ఫ్లాటుకు మారుతోంది. నన్ను వేరే చోటు చూసుకోమంది. కోపంగా అనలేదు. “నిన్ను చూస్తే నాకు ఆ మాటే వినపడుతుంది సుగుణా” అంది.

21 జులై 1991

అన్నయ్యను చూసొచ్చాను. చలికి పెదవులు పగిలి ఉన్నాయి. జుట్టు పొట్టిగా కొట్టేశారు.

“హలో సుగుణ. హౌ ఆర్ యు” అన్నాడు.

లోపల ఇంగ్లీషు క్లాసులున్నాయట. వారానికి మూడు. అన్నిటికీ పోతున్నాడు.

“ఇక్కడ ఎవరూ రాసుకోరన్నయ్యా. తెలుగులో మాట్లాడు.”

“నో. ఐ స్పీక్. గుడ్ ప్రాక్టీస్.”

తలనొప్పి తగ్గిందా అని తెలుగులో అడిగాను. “హెడ్ ఈజ్ గుడ్.” తింటున్నావా. “ఫుడ్ ఈజ్ ఓకే. కోల్డ్.” నేను తెలుగులోనే అడుగుతూ పోయాను. అన్నయ్య ఆ చిన్న చిన్న మాటలు పేర్చి జవాబు చెబుతూ పోయాడు. తప్పులున్నాయి. నేను దిద్దలేదు.

టైము అయిపోవచ్చినప్పుడు ముందుకు వంగాడు. “సుగుణ. టెల్ అమ్మ...” అని ఆగాడు. మాట దొరకలేదు. పైకి చూశాడు. పెదవులు కదిలాయి. ఏదో పెద్ద సంగతే. అమ్మకు చెప్పాల్సినది, ఇన్నాళ్ళు దాచుకున్నది. నేను నోరు తెరవబోతే ఆగమన్నట్టు చెయ్యి ఎత్తాడు. ఇంకా వెతికాడు. గార్డు వచ్చి భుజం తట్టాడు.

“నెవర్ మైండ్” అని లేచి వెళ్ళిపోయాడు.

అమ్మకు ఇంగ్లీషు రాదు. అన్నయ్యకు తెలుసు. ఆ మాట తెలుగులో అనేస్తే సరిపోయేది, తెలుగులోనే మోసుకుపోయి అమ్మకు చెప్పేదాన్ని. మధ్యలో ఉన్నది నేను కాబట్టి అనలేదు.